కరీం సాయిబు ట్రంకు కాల్

నలభై ఏళ్ళు కావస్తోంది. ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగితే దిగదు, కక్కితే రాదు. దాన్ని అలాగే ఉంచుకుని సంసారం చేశాను, సంస్థ పెట్టాను, సభల్లో మాట్లాడాను, దండలు వేయించుకున్నాను. ఇవాళ మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

నేను చేసే పనిని ఇప్పుడు డిజిటల్ హక్కులు అంటున్నారు. మనిషి ఫోనులో మాట్లాడుకున్నది, ఆసుపత్రిలో చెప్పుకున్నది, వేలిముద్ర వేసి ఇచ్చింది అతనికి తెలియకుండా ఇంకొకరి చేతిలో పడకూడదు. ఆ మాటే ఊరూరా తిరిగి చెబుతాను. ఈ దారిలోకి ఎలా వచ్చారని అందరూ అడుగుతారు. అడిగినప్పుడు ఒక కథ చెబుతాను. కథ నిజమే. కాకపోతే అందులోంచి ఒక మనిషిని తీసేసి చెబుతాను.

ఆ తీసేసిన మనిషి నేనే.

ఎనభైల నడుమ పల్నాడులో ఒక చిన్న ఊళ్ళో టెలిఫోన్ ఆపరేటరుగా చేశాను. ఊరి పేరు చెప్పను. గురజాలకీ మాచర్లకీ మధ్య ఏదో ఒక ఊరనుకోండి. మనుషుల పేర్లు కూడా మార్చాను. మిగతాదేదీ మార్చలేదు.

ఎక్స్ఛేంజి అంటే రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో జనం వచ్చి పైఊళ్ళకు ట్రంకు కాల్ రాయించుకునే కిటికీ, దాని పక్కన ఫోను పెట్టిన చెక్క గూడు. వెనక గదిలో నేను, నా ఎదురుగా నిలువెత్తు బోర్డు, బోర్డు నిండా బెజ్జాలు. ఎవరు కావాలో అడిగి, తీగె చివరి ప్లగ్గు ఆ బెజ్జంలో గుచ్చితే మాట కలిసేది. పైఊళ్ళకైతే నరసరావుపేట ఆపరేటర్ని పిలిచి ఆమె ద్వారా అందుకోవాలి. కలిపాక, మాట నడుస్తోందా తెగిపోయిందా అని మధ్యమధ్య ఒక మీట నొక్కి వినాలి. అది ఉద్యోగంలో భాగమే. రెండు ముక్కలు చెవిన పడగానే వదిలేయాలి. విన్నది బయట చెప్పనని చేరేటప్పుడు సంతకం కూడా పెట్టాను. అయితే ఆ మీట మీద వేలు ఎంతసేపు ఉంచానన్నది నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. మధ్యాహ్నాలు ఊరు నిద్రపోయేది. ఫ్యాను కిర్రుకిర్రుమనేది. వేలు తీయాల్సిన చోట తీయలేదు, అంతే. మిరపకాయల వ్యాపారి గుంటూరు యార్డులో ధర కనుక్కోవడం విన్నాను. ఒక కొత్త కోడలు పుట్టింటికి ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా మూడు నిమిషాలూ ఏడవడం విన్నాను. కొందరి గొంతులు నాకు చుట్టాలైపోయాయి. వాళ్ళు బజారులో ఎదురైతే నాకు లోపల నవ్వొచ్చేది. మీకు నేనెవరో తెలియదు, మీ గుట్టంతా నాకు తెలుసు అనిపించేది. ఇరవై రెండేళ్ళు నాకు. వయసు మీదికి నెట్టేయొచ్చా? చాలాసార్లు నెట్టి చూశాను. నిలబడలేదు.

కరీం సాయిబుకి బజారులో బేకరీ ఉండేది. ఆ ఊళ్ళో అదొక్కటే. జ్వరమొస్తే ఇంటింటికీ ఆయన బ్రెడ్డే. బడి పిల్లలకు ఆయన బన్నే. పొడుగాటి మనిషి, మోచేతుల దాకా ఎప్పుడూ పిండి. భార్య బీబీజాన్, చంకలో ఏడాది కూతురు. బీబీజాన్ తమ్ముడు రఫీ ఆయన దగ్గరే ఉండి బట్టీ పని చూసేవాడు. బావా బామ్మర్దులంటే వాళ్ళే అనుకునేవాళ్ళు ఊళ్ళో. ఒకే కంచంలో తినేవాళ్ళు. సాయిబు అప్పుడప్పుడు మా ఎక్స్ఛేంజి కిటికీ దగ్గరకొచ్చి, కాగితంలో చుట్టిన వేడి బన్ను పెట్టి, "తిను తల్లీ, పొద్దున్నించీ కూర్చున్నావు" అని వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు పదకొండింటప్పుడు ఆయన వచ్చి గుంటూరుకి కాల్ రాయించాడు. ఒక డాక్టరు నంబరు. గూట్లోకి వెళ్ళి వీపు జనం వైపు పెట్టి నిలబడ్డాడు. కాల్ కలిసింది. నేను మీట నొక్కాను.

అవతల డాక్టరు నెమ్మదిగా చెబుతున్నాడు. మోచేతి మీద మచ్చ పరీక్ష చేశాం, కుష్టే. భయపడొద్దు, మొదట్లోనే దొరికింది. బట్టీ దగ్గర చెయ్యి కాలినా తెలియలేదన్నావు చూడు, అందుకే. మందులు ఏడాది పైన వాడాలి, నయమవుతుంది. "నా చేత్తో పిండి కలుపుతా గదయ్యా. ఊరంతా తింటది" అన్నాడు సాయిబు. మందు మొదలుపెడితే ఇంకొకరికి అంటదు, పని మానక్కర్లేదు అన్నాడు డాక్టరు. అదే మాట రెండుసార్లు చెప్పాడు.

ఇది గుర్తుపెట్టుకోండి. రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ విన్నాను.

నేను అద్దెకున్నది రత్తమ్మ పిన్ని ఇంట్లో. చుట్టం కాదు, ఇంటావిడ. ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసే ఆడపిల్లంటే ఆమెకు చిన్నచూపు. నాతో మాట్లాడితే వాకిలి ఊడ్చావా, నీళ్ళు పట్టావా, అంతే. ఆ మర్నాడు ఆమె మనవరాలికి జ్వరం వచ్చింది. బ్రెడ్డుకి బయలుదేరుతోంది. వద్దన్నాను.

"ఏందే? ఎందుకొద్దు?"

"సాయిబు కొట్లో కొనమాక పిన్నీ."

"అదేంది, చెప్పవే పిల్లా!"

"ఆయనకి పెద్దరోగమంట. ఎవరికీ చెప్పమాక."

పసిపిల్ల కోసమే చెప్పానని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. పసిపిల్ల కోసమే అయితే, అంటదని డాక్టరు చెప్పిన ముక్క ఎందుకు మింగేశాను? నిజం ఇది. రత్తమ్మ పిన్ని చేతిలో సంచి జారవిడిచి, నా పక్కన అరుగు మీద కూర్చుని, మొదటిసారి నన్నొక మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు నాకు బాగుంది. రెండో ముక్క చెబితే ఆ చూపు పోయేది. అంత చిన్న విషయం. ఒక మనిషి బతుకుని అంత చిన్నదానికి ఇచ్చేశాను.

మూడు రోజుల్లో ఊరంతా పాకింది. మొదట బ్రెడ్డు మిగలడం మొదలైంది. తర్వాత బడి వాళ్ళు బన్ను వద్దన్నారు. మంగలి గడ్డం గీయనన్నాడు. కొట్టు ఓనరు ఇంకొకరికి ఇస్తున్నానని చెప్పాడు. బీబీజాన్‌కి ఆయన చెప్పనే లేదట; ఆమెకు నీళ్ళ పంపు దగ్గర తెలిసింది. పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరిగితే, ఎందుకు జరిగారని అడిగి తెలుసుకుంది.

ఇదంతా నేను బోర్డు ముందు కూర్చుని, జనం ఫోనుల్లో చెప్పుకుంటుంటే విన్నాను. అవును, అప్పుడు కూడా వింటూనే ఉన్నాను. "సాయిబు సంగతి తెలిసిందా?" అని రొంపిచెర్ల నుంచి ఎవరో అడిగారు. నా నోట్లోంచి వచ్చిన మాట తీగెల మీద తిరిగి నా చెవికే వచ్చింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సాయిబు ఎక్స్ఛేంజికి వచ్చాడు. ఎప్పుడూ కిటికీ చెక్క మీద చేతులానించి మాట్లాడే మనిషి, ఆ రోజు రెండడుగుల దూరంలో ఆగాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆపరేటరమ్మా, ఒక్క మాట అడగొచ్చా?"

"అడగండి సాయిబుగారూ."

"నేను గుంటూరికి మాట్టాడానే ఆ పొద్దు. ఆ మాట తీగెలో ఎవరికన్నా ఇనపడుద్దా?"

కోపంగా అడిగి ఉంటే ఏమయ్యేదో. ఆయన కోపంగా అడగలేదు. తెలియని సంగతి తెలిసినవాళ్ళని అడిగినట్టు అడిగాడు.

"ఇనపడదు" అన్నాను. "కలిపినాక మాకేం ఇనపడదు."

"మధ్యలో? నరసరావుపేటలో గూడా కలుపుతారంట గదా. ఆడేమన్నా..."

ఆయనే నాకొక దారి చూపించాడు. ఏమో సాయిబుగారూ, అక్కడ విన్నారేమో అన్నా సరిపోయేది. అబద్ధమే అయినా, ఆయన ఇంట్లో వాళ్ళెవరికీ దెబ్బ తగిలేది కాదు. కానీ అలా అంటే ఆయన పైవాళ్ళకు అర్జీ పెడతాడేమో, విచారణ వస్తుందేమో, అది తిరిగి నా దగ్గరికే వస్తుందేమో. అదంతా ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను.

"ఎక్కడా ఇనపడదండీ. ఇవి మిషన్లు. మిషన్లకి చెవులుండవు."

ఆయన తనలో తనే ఏదో లెక్క వేసుకున్నాడు.

"అయితే మావోడే" అన్నాడు.

"ఎవరు?"

"మా బామ్మర్ది. నాకు తెలుసు, డాక్టరుకి తెలుసు, నన్ను గుంటూరు తీసకపోయింది వాడు, వాడికి తెలుసు. నాలుగో మనిషికి తెలవదు. నా ఇంటిదానికి గూడా చెప్పలా తల్లీ, భయపడుద్దని. వాడేమో నేను గాదు, నేను గాదని ఏడుస్తన్నాడు. నాకూ వాడు కాదనే అనిపించింది. అందుకే నిన్ను అడగొచ్చినా. నువ్వు చదువుకున్నదానివి, గవుర్మెంటు మనిషివి. నువ్వు చెబితే నమ్ముతా."

నేను చెప్పాల్సిన సమయం అది. కిటికీకి అటు ఆయన, ఇటు నేను, గదిలో ఇంకెవరూ లేరు. నోరు తెరిచాను కూడా. బోర్డు మీద ఎవరిదో కాల్ వచ్చింది. అటు తిరిగి ప్లగ్గు గుచ్చాను. ఆ కాల్ ఒక్క నిమిషం ఆగలేనిదేమీ కాదు. నేను మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన మెట్లు దిగుతున్నాడు.

ఆ సాయంత్రమే రఫీని ఇంట్లోంచి పంపేశాడని విన్నాను. నెల తిరక్కుండా సాయిబు వాళ్ళూ ఊరు విడిచి కృష్ణ దాటి మిర్యాలగూడ వైపు వెళ్ళిపోయారు. కొత్తగా కొట్టు తీసుకున్నవాడు బట్టీ ఇటుకలు ఊడదీయించి రోడ్డు పక్కన పోయించాడు. నేను డ్యూటీకి ఆ దారినే వెళ్ళాలి. చుట్టూ తిరిగి వేరే సందులోంచి వెళ్ళేదాన్ని.

మీట మీద వేలు ఉంచడం మానేశాను. అది గొప్పగా చెప్పుకోవడం లేదు. ఇల్లు కాలాక ఆర్పినట్టు.

ఎనభైల చివర ఆటోమేటిక్ బోర్డు వచ్చి మా అవసరం తీరిపోయింది. నా ఉద్యోగం ఎలాగూ పర్మినెంటు కాలేదు. నాలాగే పని పోయిన ఇద్దరు ఆడవాళ్ళని కలుపుకుని నరసరావుపేట బస్టాండు దగ్గర ఎస్.టి.డి. బూత్ పెట్టాను. వడ్రంగి వచ్చినప్పుడు ఒక్కటే పట్టుబట్టాను: లోపల ఎంత గట్టిగా మాట్లాడినా బయటికి వినపడకూడదు. దళసరి అద్దం, చుట్టూ రబ్బరు పట్టీ. "ఏందమ్మా, లోపల బాంబులేమన్నా జేస్తారా?" అన్నాడతను. తలుపు వేసి అతన్ని లోపల అరవమని, బయట చెవి పెట్టి విన్నాను. వినపడలేదు. ఆ రోజు చాలా తేలికపడ్డాను. ఒక తలుపుతో తీరిపోతుందనుకున్నాను.

ఒకరోజు రఫీ వచ్చాడు.

ముందు నేనే గుర్తుపట్టాను. చిక్కిపోయాడు, చొక్కా నిండా గ్రీజు. పిడుగురాళ్ళలో లారీల షెడ్డులో చేస్తున్నాడట. నన్ను చూడగానే అతని ముఖం విప్పారింది. "అక్కా, మీరా! ఈడున్నారా!" అన్నాడు. మిర్యాలగూడ నంబరు ఒకటి రాసిచ్చాడు. వాళ్ళక్క ఇంటి పక్క కొట్టుది, పిలిస్తే వస్తుంది. లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

నాకేమీ వినపడలేదు. కానీ అద్దం కదా, కనపడింది. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అతని పెదాలు "అక్కా" అన్నాయి. ఒక్కసారే. మళ్ళీ కదల్లేదు. రిసీవరు చెవికే ఉంది, కళ్ళు గోడ మీద ఉన్నాయి. అవతల పెట్టేశారని నాకు తెలిసింది.

బయటికొచ్చి నవ్వడానికి చూశాడు.

"బావకి నయమైందంటక్కా. మందులు ఆపేశారంట. ఆ ఊరి లారీ డ్రైవరు చెప్పాడు. సంతోషమని ఒక్క మాట చెబుదామని చేశా. పలకలా."

నేను మీటరు చూసి బిల్లు రాశాను.

"ఖురాను మీద చెయ్యేసి చెప్పినా నమ్మలేదక్కా బావ. ఆపరేటరమ్మని అడిగొచ్చినా, తీగెలో ఎవురికీ ఇనపడదంట, ఇంక నువ్వు గాక ఎవురు అన్నాడు." నా ముఖంలో ఏం చూశాడో, కంగారుపడి చెయ్యి ఊపాడు. "అయ్యో, మీరేం జేస్తారక్కా. ఉన్న మాట చెప్పారు."

ఇదే. ఈ వాక్యమే. రాత్రీ పగలూ నా వెంట తిరిగింది ఇదే. నన్ను తిట్టి ఉంటే మోసేదాన్ని. అతను నన్ను ఓదార్చాడు. ఆ క్షణాన చెప్పి ఉంటే ఏం పోయేది? బూత్ పోయేదేమో. కాస్త పేరు పోయేదేమో. మిర్యాలగూడ ఎంత దూరం? అతనితో బస్సెక్కి వెళ్ళి బీబీజాన్ ముందు నిలబడితే, ఆ అక్కాతమ్ముళ్ళు ఆ రోజే కలిసేవాళ్ళు. నేను మాత్రం, "నీళ్ళు తాగుతావా రఫీ?" అన్నాను.

తాగాడు. వెళ్ళిపోయాడు.

తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను, అవే అందరికీ తెలిసినవి కాబట్టి. ఆ అద్దం తలుపు సంగతి పాకింది. అత్తగారింట్లో నోరెత్తలేని ఆడవాళ్ళు మా బూత్ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఒక బూత్ నాలుగైంది, పదైంది. అన్నీ ఆడవాళ్ళే నడిపారు. కంప్యూటర్లు వచ్చాక పల్లెల్లో సెంటర్లు పెట్టాం. చేతుల్లోకి ఫోనులు వచ్చాక, మీ మాట మీది, అడక్కుండా ఎవరికీ ఇవ్వొద్దు అని చెప్పడమే పనైంది. ముందుచూపున్న మనిషి అన్నారు నన్ను. ముందుచూపు కాదు. వెనక్కి చూడలేక ముందుకు పరుగెత్తాను. నా పని మంచిదా కాదా? మంచిదే. దాని వల్ల ఎవరికో మేలు జరిగింది, అబద్ధమెందుకు. కానీ ఆ మేలు కరీం సాయిబు వాకిట్లోకి ఒక్క అడుగైనా వెళ్ళిందా?

పైగా ఆయన కథనే సభల్లో చెప్పుకున్నాను. ఒక ఊళ్ళో ఒక రొట్టెల సాయిబు, ఆయన జబ్బు సంగతి ఎలాగో బయటపడింది, ఊరు ఆయన్ని వెళ్ళగొట్టింది. "ఎలాగో." ఆ ఒక్క మాట వెనక ఇన్నేళ్ళు దాక్కున్నాను. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చప్పట్లు కొట్టేవాళ్ళు.

పోయినేడు నల్గొండలో ఒక సభలో అదే కథ చెప్పి దిగాను. నలభై ఏళ్ళ మనిషి ఒకామె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఏడుస్తోంది. "మేడం, మీరు చెప్పింది మా నాయిన కథే" అంది. చంకలో ఉన్న ఆ పిల్ల. సాయిబు నిండా బతికాడట, జబ్బు మళ్ళీ రాలేదట, అక్కడ చిన్న బేకరీ కూడా పెట్టాడట. మూడేళ్ళ కింద పోయాడు. బీబీజాన్ ఉంది. నేను అడగలేదు, ఆమే చెప్పింది.

"మా మామనే బయటపెట్టిండంట మేడం. నాయిన ఆయన పేరు ఇంట్ల ఎత్తనిచ్చెటోడు కాదు. మామ లారీ కింద పని చేస్తుండంగ జాకీ జారి పోయిండని కబురొచ్చింది. ఆ దినం అమ్మ బువ్వ తినలే. పోదామంటే పోలే."

చాలా ఏళ్ళయిందట అతను పోయి.

నేనామె భుజం నిమిరాను. "పాపం" అన్నాను. అవును, అప్పుడు కూడా అంతే అన్నాను. ఆమె నాతో ఫోటో దిగి, నంబరూ అడ్రసూ ఇచ్చి వెళ్ళింది.

ఆ తర్వాత నేను ఏ సభకూ వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఇది రాయడానికి ఇన్ని నెలలు పట్టింది. రాసిన ప్రతిసారీ చెయ్యి తనకు తానే నన్ను కాస్త మంచిదాన్ని చేస్తోంది. కొట్టేసి మళ్ళీ రాశాను. ఇప్పటికీ ఎక్కడో చేసే ఉంటుంది. మీరు పట్టుకోండి.

ఈ కాగితాలు మీ కంటే ముందు సాయిబు కూతురికే పంపాను, అసలు పేర్లతో. చదివి వాళ్ళమ్మకు వినిపించమని అడిగాను. వినిపించిందో లేదో తెలియదు. ఇంతవరకు జవాబు రాలేదు. వస్తుందని చూడటం లేదు. రఫీని లేపి తెచ్చే మాట నా దగ్గర లేదు. సాయిబు చివరిదాకా మోసుకెళ్ళిన కోపం తప్పు మనిషి మీద. దాన్ని ఇప్పుడు నా మీదికి మార్చుకోవడానికి ఆయనా లేడు. క్షమించమని అడగను. అడిగితే, అది మళ్ళీ నా గురించే అవుతుంది.

ఒక్కటి మాత్రం చెబుతాను. పోస్టులో వేసి ఇంటికొచ్చి, తలుపేసుకుని, గొంతులో ఉండిపోయిన ఆ మాట ఇన్నేళ్ళలో మొదటిసారి పైకి అన్నాను. ఎవరూ లేరు వినడానికి. అయినా అన్నాను. గొంతు బొంగురుపోయింది గానీ, మాట బయటికొచ్చింది.

కరీం సాయిబు మాట బయటపెట్టింది రఫీ కాదు. నేను.